బహ్రుజ్జుఖాఖ్: రెండు తీరాల రాకపోకలు

స్పెయిన్ దేశపు దక్షిణ కొసన అల్‌హెసీరాస్ అనే రేవు పట్టణం ఉంది. మధ్యధరా సముద్రపు రేవులలో మిక్కిలి రద్దీ గలవాటిలో ఇదొకటి. కంటైనర్లు మోసుకొచ్చే పెద్ద ఓడలు ఒక వైపు, మనుషులనూ వాహనాలనూ అవతలి ఒడ్డుకు చేర్చే ఫెర్రీ ఓడలు మరొక వైపు రేయింబవళ్ళు వచ్చిపోతుంటాయి. ఇక్కడ ఓడ ఎక్కిన ప్రయాణికుడు సుమారు గంటసేపటిలో ఆఫ్రికా గడ్డ మీది సబ్తా రేవులో దిగుతాడు. సబ్తాను నేడు సియూటా అంటున్నారు. ఇంకొంచెం సేపు ప్రయాణిస్తే మొరాకో దేశంలోని తంజా రేవు చేరవచ్చు. రెండు ఖండాల మధ్య ప్రయాణం మన ఊళ్ళలో బస్సు ప్రయాణమంత తేలికగా జరిగిపోతుంది.

అల్‌హెసీరాస్ అన్న పేరు అరబ్బీ పేరే. ‘అల్ జజీరతుల్ ఖజ్రా’, అంటే పచ్చని దీవి అన్న మాటలోని మొదటి భాగం స్పానిష్ నోట పడి అలా మారింది. ఎదురుగా కనిపించే జిబ్రాల్టర్ కొండ పేరు ‘జబలె తారిఖ్’. పశ్చిమాన ఉన్న తరీఫా పట్టణానికి తరీఫ్ అనే సేనాని పేరు వచ్చింది. ఈ జలసంధిని అరబ్బు భూగోళవేత్తలు ‘బహ్రుజ్జుఖాఖ్’ అన్నారు. జుఖాఖ్ అంటే సందు. ఇంటికీ ఇంటికీ మధ్య నడిచే సందువంటి సముద్రమన్న మాట. ఇరుకైన చోట దీని వెడల్పు సుమారు 14 కిలోమీటర్లు. రాజమండ్రి వద్ద గోదావరిని దాటే రైలు వంతెనకు ఇది దాదాపు అయిదు రెట్లు. నిర్మలమైన రోజున ఒక తీరంలో నిలబడితే రెండవ తీరపు కొండలు కంటికి కనిపిస్తాయి.

ఈ సందు చూడడానికి చిన్నదే గాని దాటడానికి సులభమైనది కాదు. అట్లాంటిక్ నీరు పైపైన తూర్పుకు ప్రవహిస్తుంది. ఉప్పు ఎక్కువైన మధ్యధరా నీరు అడుగున పశ్చిమానికి ప్రవహిస్తుంది. తూర్పు నుండి వీచే షర్ఖీ గాలి విజృంభిస్తే నేటికీ ఫెర్రీలు రేవులలోనే ఆగిపోతాయి. తెరచాప ఓడల కాలంలో గాలి అనుకూలించే వరకు ప్రయాణికులు రోజుల తరబడి ఒడ్డున ఎదురు చూసేవారు. ఈ చిన్న సముద్రం మీద మనుషులు ఎలా దాటారు, ఎవరు దాటించారు, ఎప్పుడు దాటలేకపోయారు అన్న ప్రశ్నలకు సమాధానం వెదికితే, అందలుస్ ముస్లిముల ఎనిమిది శతాబ్దాల చరిత్ర కళ్ళ ముందు నిలుస్తుంది.

తారిఖ్ ఓడలను తగులబెట్టారా?

ఈ జలసంధి పేరు వినగానే మన పాఠకులలో చాలామందికి ఒక దృశ్యం గుర్తుకు వస్తుంది. తారిఖ్ బిన్ జియాద్ అందలుస్ తీరంలో దిగి, తిరిగి వెళ్ళే ఆశ లేకుండా చేయడానికి తన ఓడలన్నిటినీ తగులబెట్టించారన్నది ఆ కథ. ఉపన్యాస వేదికల మీద, పాఠ్యపుస్తకాలలో, మీలాదు సభలలో ఈ కథ వినిపిస్తూనే ఉంటుంది. అల్లామా ఇక్బాల్ 1923లో వెలువడిన ‘పయామె మష్రిఖ్’లో దీనినే ఒక కవితకు వస్తువుగా తీసుకున్నారు. కవి ఒక భావాన్ని చెప్పడానికి ఒక కథను స్వీకరించడంలో తప్పు లేదు. కాని చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఈ విషయం ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? హదీసు శాస్త్రం ముస్లిములకు నేర్పిన మొదటి పాఠం ఇదే కదా!

అందలుస్ విజయాన్ని వివరించిన గ్రంథకర్తలలో మనకు లభిస్తున్న తొలివారిలో ఒకరు ఈజిప్టుకు చెందిన ఇబ్నె అబ్దిల్ హకమ్. ఆయన క్రీ.శ. 871 (హిజ్రీ 257)లో మరణించారు. ఆయన గ్రంథంలో ఓడలు తగులబెట్టిన ప్రస్తావన లేదు. అందుకు బదులు వేరొక ఆసక్తికరమైన విషయం ఉంది. సబ్తా పాలకుడైన జూలియన్ తన ఓడలలో తారిఖ్ సైనికులను విడతలు విడతలుగా రాత్రివేళ దాటించాడట. అవతలి తీరవాసులు దీనిని పట్టించుకోలేదు. ఎప్పటిలాగే తమకు సరుకులు చేరవేస్తూ వచ్చిపోయే ఓడలే అనుకున్నారు. జూలియన్ ఎవరు, ఏ జాతివాడు అన్న విషయంలో చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. కాని ఈ కథనంలోని ఒక అంశాన్ని గమనించాలి. ముస్లిముల రాకకు పూర్వమే ఈ జలసంధి మీద ఓడల రాకపోకలు నిత్యకృత్యంగా ఉండేవి. విజేతల సైన్యం వ్యాపారుల ఓడలలోనే దాటింది.

రచయిత పేరు తెలియని ‘అఖ్బారు మజ్మూఆ’ అనే అందలుసీ గ్రంథం మరికొన్ని వివరాలు ఇస్తుంది. 710లో తరీఫ్ 400 మంది పదాతులతో, 100 గుర్రాలతో నాలుగు ఓడలలో దాటాడు. మరుసటి సంవత్సరం (హిజ్రీ 92) తారిఖ్ సైన్యం 7,000. దాటించడానికి ఉన్నవి ఆ నాలుగు ఓడలే. అవి సైన్యం మొత్తం చేరే వరకు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. తరువాత తారిఖ్ సహాయం కోరగా, మూసా బిన్ నుసైర్ అప్పటికే కట్టించిన ఓడలలో మరో 5,000 మందిని పంపారు. 712లో మూసా స్వయంగా దాటి అల్ జజీరతుల్ ఖజ్రాలో దిగారు.

మరి ఓడల దహనం కథ ఎక్కడిది? ప్రసిద్ధ భూగోళవేత్త షరీఫ్ అల్ ఇద్రీసీ 1154లో పూర్తి చేసిన ‘నుజ్‌హతుల్ ముష్తాఖ్’లో అది కనిపిస్తుంది. సంఘటనకూ ఈ కథనానికీ మధ్య 443 సంవత్సరాల ఎడం ఉంది. మధ్యకాలపు గ్రంథాలలో సనద్ లేని ఈ మాటను రూఢియైన చరిత్రగా స్వీకరించడం కష్టం. పైగా తొలి గ్రంథాల ప్రకారం ఆ ఓడలు తారిఖ్‌వి కావు, జూలియన్‌వి. వెనుక నుండి సైన్యం రావలసి ఉంది. ఆహారం, గుర్రాలు రావలసి ఉన్నాయి. అటువంటప్పుడు ఉన్న కొద్దిపాటి ఓడలను కాల్చుకునే సేనాని వివేకి అనిపించుకోడు. తారిఖ్ వివేకం గల సేనాని. 714లో ఖలీఫా పిలుపు మీద ఆయనా, మూసా తిరుగు ప్రయాణమై ఇదే జలసంధిని దాటి డమాస్కస్‌కు వెళ్ళారు.

ఈ కథను తోసిపుచ్చితే తారిఖ్ గొప్పతనానికి వచ్చే లోటు ఏమీ లేదు. నిజానికి ఇలా తోసిపుచ్చడం వల్ల మరొక ముఖ్య విషయం వెలుగులోకి వస్తుంది. అందలుస్ నిలిచింది ఓడలు కాలడం వల్ల కాదు, ఓడలు తిరగడం వల్ల.

విద్య దాటిన దారి

అరబ్బీలో ఈ రెండు తీరాలను కలిపి ‘అల్ ఉద్‌వతైన్’ అన్నారు. ‘ఈ ఒడ్డు, ఆ ఒడ్డు’ అని అర్థం. రెండూ ఒకే ఇంటి రెండు గదులన్నట్లు ప్రజలు భావించేవారు.

నేడు భారతదేశపు మదరసాలలో చదివే ఇమామ్ మాలిక్ (రహ్మ.) గారి ‘మువత్తా’ ఎక్కువగా యహ్యా బిన్ యహ్యా అల్ లైసీ ద్వారా వచ్చిన ప్రతి. ఆయన ఖుర్తుబా నగరవాసి. మగ్రిబ్ నుండి దాటి వచ్చిన మస్మూదా బర్బరు కుటుంబంలో పుట్టారు. సముద్రం దాటి మదీనాకు వెళ్ళి ఇమామ్ వద్ద విద్య నేర్చుకుని స్వదేశానికి తిరిగి వచ్చారు. 848లో మరణించారు. ఆయన వెళ్ళడం ఎంత ముఖ్యమో తిరిగి రావడమూ అంతే ముఖ్యం. వెళ్ళినవారు తిరిగి రాకపోతే అందలుస్‌లో మాలికీ ఫిఖహ్ వేళ్ళూనేది కాదు.

‘అష్షిఫా’ గ్రంథకర్త ఖాజీ ఇయాజ్ (రహ్మ.) పేరు తెలియని ఆలిమ్ ఉండడు. ఆయన 1083లో సబ్తాలో పుట్టారు. 1113లో జలసంధి దాటి ఖుర్తుబాకు, అటు నుండి ముర్సియాకు వెళ్ళి అక్కడి పెద్దల వద్ద హదీసు విన్నారు. తిరిగి వచ్చి సబ్తాలో ఖాజీగా పనిచేశారు. తరువాత మళ్ళీ దాటి గర్నాతాలో ఖాజీ పదవి నిర్వహించారు. 1149లో మరాకష్‌లో మరణించారు. హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ వారు అచ్చువేసిన ఇమామ్ జహబీ గారి ‘తజ్కిరతుల్ హుఫ్ఫాజ్’లో ఆయన జీవిత విశేషాలను నేడూ చదువుకోవచ్చు. జుఖాఖ్ ఒడ్డున పుట్టిన విద్వాంసుని చరిత్ర మూసీ ఒడ్డున అచ్చయింది.

1183 ఫిబ్రవరిలో ఇబ్నె జుబైర్ హజ్జ్ యాత్రకై గర్నాతా నుండి బయలుదేరారు. తరీఫా రేవులో ఓడ ఎక్కి అవతలి ఒడ్డున ఖస్ర్ మస్మూదాలో దిగారు. అక్కడ నుండి సబ్తా చేరి, ఇస్కందరియాకు పోయే జెనోవా వారి ఓడ ఎక్కారు. అది క్రైస్తవుల ఓడ. సిలువ యుద్ధాలు సాగుతున్న కాలం. అయినా ముస్లిం యాత్రికులు రుసుము చెల్లించి ఆ ఓడలోనే ప్రయాణించారు. రాజుల మధ్య యుద్ధం నడుస్తున్నా రేవులలో బేరం ఆగలేదు.

ఆయన దిగిన ఖస్ర్ మస్మూదాకే ‘ఖస్రుల్ మజాజ్’, అంటే దాటు రేవు కోట అన్న పేరు కూడా ఉంది. 2007లో పనిచేయడం ప్రారంభించిన తంజా మధ్యధరా రేవు ఈ కోటకు సమీపంలోనే ఉంది. తొమ్మిది వందల ఏళ్ళ నాటి నావికులు ఎంచుకున్న చోటునే నేటి ఇంజనీర్లూ ఎంచుకున్నారు.

తిరుగు దారి కోరిన సేనాని

1085లో తులైతులా కాస్టీలు రాజు వశమైంది. భయపడిన ఇష్బీలియా పాలకుడు ముఅతమిద్ మురాబితూన్ల నాయకుడు యూసుఫ్ బిన్ తాషఫీన్ సహాయం కోరాడు. యూసుఫ్ వెంటనే ఓడ ఎక్కలేదు. ముందుగా అల్ జజీరతుల్ ఖజ్రా రేవును తన చేతికి అప్పగించాలని షరతు పెట్టారు. ఎందుకు? వెనుకకు మరలే దారి తన చేతిలో లేనిదే ముందుకు అడుగు వేయరాదని ఆయనకు తెలుసు. ఓడలు కాల్చే సేనాని కథను విని పెరిగినవారు ఈ సంఘటనను కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి.

1086లో ఆయన సైన్యం సబ్తా నుండి దాటింది. ఒంటెలను సైతం ఓడలలో ఎక్కించారు. అక్టోబరు 23న జల్లాఖా వద్ద ఘనవిజయం లభించింది. కుమారుడు మరణించిన వార్త అందగా యూసుఫ్ వెంటనే మగ్రిబ్‌కు మరలారు. అటు తరువాత జరిగినది అంత సంతోషకరం కాదు. అందలుస్ చిన్న రాజుల అంతఃకలహాలను చూసి విసిగిన ఆయన 1090లో మళ్ళీ దాటి వారి రాజ్యాలనే కలుపుకున్నారు. పిలిచిన ముఅతమిద్ 1091లో సింహాసనం కోల్పోయాడు. బందీగా అదే జలసంధి దాటి, మరాకష్ దగ్గరి అగ్మాత్‌లో 1095లో కన్నుమూశాడు. సాయం దాటి వచ్చిన దారినే అధికారమూ దాటి వస్తుందని ఆ రాజులు ఆలస్యంగా గ్రహించారు.

రేవులు ఒక్కొక్కటిగా

పదమూడవ శతాబ్ది మధ్యనాటికి అందలుస్‌లో గర్నాతా రాజ్యం మాత్రమే మిగిలింది. ఇబ్నె ఖల్దూన్ పూర్వీకులు 1248లో ఇష్బీలియా పతనం కావడానికి ముందే సబ్తాకు దాటారు. ఆ వంశంలో పుట్టిన ఇబ్నె ఖల్దూన్ 1362లో సబ్తా నుండి జబలె తారిఖ్‌కు దాటి గర్నాతా చేరారు. 1364లో రాయబారిగా ఇష్బీలియాకు వెళ్ళి తాతల నాటి ఆనవాళ్ళను చూశారు. అక్కడే ఉండిపోతే పూర్వీకుల ఆస్తి తిరిగి ఇప్పిస్తానని కాస్టీలు రాజు అన్నాడు. ఆయన అంగీకరించలేదు.

ఆ కాలంలో అసలు పోరాటం జలసంధి రేవుల కోసమే జరిగింది. 1292లో తరీఫా పోయింది. 1309లో జబలె తారిఖ్ పోయి, 1333లో మరీనీ సైన్యం చేత తిరిగి వచ్చింది. 1340లో తరీఫా సమీపాన మరీనీ సుల్తాను అబుల్ హసన్ ఓడిపోయాడు. 1342లో మొదలైన ముట్టడి ముగిసి 1344లో అల్ జజీరతుల్ ఖజ్రా లొంగిపోయింది. 1350లో జబలె తారిఖ్‌ను ముట్టడించిన కాస్టీలు రాజు మహామారికి బలి కావడంతో ఆ కోట దక్కింది. ఆ తరువాతనే ఇబ్నె బతూతా సబ్తా నుండి దాటి ఆ కొండను, కోటను చూశారు. 1369లో గర్నాతా సుల్తాను అల్ జజీరతుల్ ఖజ్రాను తిరిగి గెలుచుకున్నాడు గాని నిలబెట్టుకునే శక్తి లేక చివరకు దానిని నేలమట్టం చేయించాడు. తన రేవును తానే పడగొట్టుకోవలసి రావడం కన్న నిస్సహాయత ఏముంటుంది?

1415 ఆగస్టులో పోర్చుగీసు నౌకాదళం సబ్తాను పట్టుకుంది. 1458లో ఖస్రుల్ మజాజ్, 1462లో జబలె తారిఖ్, 1471లో తంజా పోయాయి. జలసంధి మీద ముస్లిముల చేతిలో పేరుగల రేవు ఒక్కటీ మిగలలేదు. మరో 21 ఏళ్ళకు, 1492లో, గర్నాతా పతనమైంది. ఆ పతనానికి ఇదొక్కటే కారణం కాదు. గర్నాతా రాజకుటుంబంలోని చీలికలు, మగ్రిబ్‌లోని అరాచకం కూడా కారణాలే. కాని సహాయం రాదలచుకున్నా వచ్చే దారి అప్పటికే మూసుకుపోయిందన్న మాట నిజం.

దాటమన్న ఫత్వా, దాటలేనివారికి ఫత్వా

1491 నవంబరు నాటి గర్నాతా లొంగుబాటు ఒప్పందంలో ఓడల ప్రస్తావన ఉంది. మగ్రిబ్‌కు వెళ్ళగోరే ముస్లిములను మూడేళ్ళ వరకు రుసుము లేకుండా దాటిస్తామని విజేతలు మాట ఇచ్చారు. 1493లో చివరి సుల్తాను అబూ అబ్దుల్లాహ్ స్వయంగా దాటి మగ్రిబ్ చేరాడు. స్తోమత గలవారు, ఉలమాలు చాలామంది వెళ్ళిపోయారు. పొలమున్న రైతు, ముసలి తల్లిదండ్రులున్న చేతిపనివాడు, అప్పులున్న పేదవాడు ఆగిపోయారు.

ఫాస్ నగరంలోని గొప్ప ముఫ్తీ అల్ వన్‌షరీసీ (మరణం 1508) ముందుకు 1491 ప్రాంతంలో ఒక ప్రశ్న వచ్చింది. దాటి వచ్చిన కొందరు మగ్రిబ్‌లో బ్రతుకుతెరువు దొరకక, తిరిగి క్రైస్తవ పాలనలోకి వెళ్ళాలని కోరుకుంటున్నారు, వారి విషయమేమిటి? ఆయన కఠినంగా సమాధానమిచ్చారు. శక్తి గలవానికి హిజ్రత్ తప్పనిసరి విధి అన్నారు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలోని 97వ ఆయతు నుండి సాగే వచనాలు ఈ చర్చకు మూలం. అయితే అదే చోట, ఏ ఉపాయమూ లేక దారి తోచని బలహీనులకు మినహాయింపు కూడా ఉంది.

ఆ బలహీనుల గురించి ఆలోచించిన మరొక విద్వాంసుడు అహ్మద్ బిన్ అబీ జుమఆ. 1499 తరువాత గర్నాతాలో బలవంతపు మతమార్పిడులు జరిగాయి. 1502లో కాస్టీలు అంతటా ముస్లిములకు బాప్టిజమో, బహిష్కారమో అన్న ఆజ్ఞ వెలువడింది. 1504లో ఆయన మగ్రిబ్ నుండి వారికి ఒక ఫత్వా పంపారు. అందులో వారిని ‘గురబా’ అని, అంటే పరాయివారైపోయినవారని సంబోధించారు. బహిరంగంగా నమాజు చేయలేకపోతే సైగలతో చేయవచ్చని, నీటితో శుద్ధి పొందే వీలు లేకపోతే గోడను తాకి తయమ్ముమ్ చేయవచ్చని, నిర్బంధం వల్ల నోటితో ఏమి అనవలసి వచ్చినా హృదయంలో విశ్వాసం నిలుపుకోమని బోధించారు. ఈ ఫత్వాకు అరబ్బీ ప్రతితో పాటు స్పానిష్ భాషను అరబ్బీ లిపిలో వ్రాసిన ప్రతులు కూడా దొరికాయి. అరబ్బీ మరచిపోతున్న తరం కోసం ఎవరో దానిని అనువదించి రహస్యంగా కాపాడారన్న మాట.

మనుషులు దాటలేని కాలంలో ఒక కాగితం దాటింది. ఈ ఇద్దరు విద్వాంసులలో ఒకరిని కఠినుడని, ఒకరిని ఉదారుడని తేల్చేయడం న్యాయం కాదు. ఒకరు దాటగలిగినవారిని ఉద్దేశించి మాట్లాడారు; ఇంకొకరు దాటలేనివారిని ఉద్దేశించి మాట్లాడారు. షరీఅత్‌లో విధి ఎప్పుడూ శక్తిని అనుసరించి ఉంటుంది.

చివరకు 1609 నుండి 1614 వరకు స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్ మోరిస్కోలను, అంటే మతం మార్పించబడిన ఆ ముస్లిముల సంతతిని, దేశం నుండి వెళ్ళగొట్టాడు. సుమారు 3 లక్షల మంది ఓడలెక్కారు. అండలూసియా, కాస్టీలు ప్రాంతాలవారు ఓడ రుసుము తామే చెల్లించుకోవలసి వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను ముస్లిం దేశాలకు తీసుకుపోరాదన్న నిబంధన 1610లో వచ్చింది. పిల్లలను వదలలేక కొందరు ఫ్రాన్సు రేవులకు ప్రయాణం కట్టి, అక్కడ నుండి చుట్టుదారిన మగ్రిబ్ చేరారు. తిత్వాన్, సలా, తూనిస్ పట్టణాలు వారికి చోటిచ్చాయి. కాని ఓరాన్ రేవులో దిగిన చాలామందిని దారిలో దోచుకున్నవారు కూడా ముస్లిములే. కాస్టీలు వేషభాషలతో వచ్చినవారిని క్రైస్తవులని అనుమానించినవారూ ఉన్నారు. మన చరిత్రను మనం చెప్పుకునేటప్పుడు ఇది కూడా దాచరాదు.

నేటి రేవు

సబ్తా 1668 నుండి స్పెయిన్ పాలనలోనే ఉంది. ఐరోపాలో పనిచేసే మగ్రిబ్ కుటుంబాలు వేసవి సెలవులలో కారు కప్పు మీద మూటలు కట్టుకుని అల్‌హెసీరాస్ రేవులో బారులు తీరుతారు. 1980ల చివరి భాగం నుండి స్పెయిన్ ప్రభుత్వం ఈ రద్దీ కోసం ప్రతి యేటా జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు ప్రత్యేక ఏర్పాట్లు చేస్తున్నది. 2019లో రానూ పోనూ కలిపి 30 లక్షలకు పైగా ప్రయాణికులు ఆ కాలంలో దాటారు. 2020 మార్చిలో కరోనా వల్ల ఆగిన స్పెయిన్, మొరాకోల మధ్య ఫెర్రీలు 2022 ఏప్రిల్‌లో గాని తిరిగి సక్రమంగా నడవలేదు.

అయితే ఫెర్రీ అందరికీ తెరిచి లేదు. 1991లో స్పెయిన్ మొరాకో పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. అప్పటి నుండి పత్రాలు లేని పేదలు రాత్రివేళ చిన్న పడవలలో దాటబోయి వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందే, 1988 నవంబరులో, తరీఫా ఒడ్డుకు ఒక పడవ ప్రయాణికుల శవాలు కొట్టుకొచ్చాయి. ఇలా దాటేవారిని మగ్రిబ్ వాడుక భాషలో ‘హర్రాగా’ అంటారు. ‘కాల్చేవారు’ అని ఆ మాటకు అర్థం. పట్టుబడినప్పుడు ఏ దేశానికి తిప్పి పంపాలో తెలియకుండా తమ గుర్తింపు పత్రాలను ముందే కాల్చివేస్తారు గనుక ఆ పేరు వచ్చింది.

తారిఖ్ ఓడలు కాల్చారన్నది కథ. ఈ యువకులు పత్రాలు కాల్చుకోవడం మాత్రం వాస్తవం. తిరిగి వెళ్ళే దారిని తానుగా తగులబెట్టుకోవడం వీరత్వమని వేదికల మీద పొగిడేవారు ఒకసారి ఆ ఒడ్డున నిలబడి ఆలోచించాలి. యహ్యా బిన్ యహ్యా తిరిగి వచ్చారు గనుక మువత్తా దక్కింది. ఖాజీ ఇయాజ్ తిరిగి వచ్చారు గనుక సబ్తాకు ఖాజీ దొరికాడు. యూసుఫ్ బిన్ తాషఫీన్ తిరుగు రేవును ముందు అడిగారు గనుక సైన్యం నిలిచింది. రెండు తీరాల మధ్య వెళ్ళడమూ రావడమూ సాగినంత కాలం అందలుస్ ముస్లిములు ఒంటరివారు కాలేదు. ఆ రాకపోకలు తెగిన నాడు, గోడను తాకి తయమ్ముమ్ చేసుకునే స్థితి వారికి వచ్చింది.

అల్‌హెసీరాస్ రేవులో నేటికీ ఫెర్రీ కూత వేస్తుంది. గంటసేపటికి అవతలి ఒడ్డున మనుషులను దింపి, మరి కొందరిని ఎక్కించుకుని మళ్ళీ వెనుకకు బయలుదేరుతుంది.